డెబ్భై రెండు ఎలాస్టిక్కులు

టేపక్క పైపుల కంపెనీ ఆఫీసు మెట్లెక్కి లోపలికి అడుగు పెట్టేసరికి హాల్లో ఉన్నవాళ్ళందరూ గోక్కుంటున్నారు. కుర్చీల్లో కూర్చుని చేసే ఉద్యోగాలు కాబట్టి మామూలు మనుషుల్లా గోళ్ళతో గోక్కోవడం లేదు. ఒకాయన ప్లాస్టిక్ స్కేలు ప్యాంటు వెనక దోపి పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. ఇంకొకాయన ఫోన్లో పైపుల కొలతలు చెబుతూనే కుర్చీ అంచుకి నడుము ఆనించి అటూ ఇటూ ఊగుతున్నాడు. స్టోర్సు గుమాస్తా అయితే సాక్సులోకి పెన్ను దింపి సుఖంగా కళ్ళు మూసుకున్నాడు.

మెడలో కొలత టేపు లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు కాబట్టి ఆమె టేపక్క అయింది. అసలు పేరు ఏ కాగితం మీదో ఉంటుంది. పోయిన నెలలో ఈ ఆఫీసు వాళ్ళు రోజూ పొద్దున్నే చేసే వ్యాయామానికి నీలం రంగు ప్యాంట్లు కుట్టి ఇచ్చింది. మేనేజరు పిలుస్తున్నాడని కబురు రాగానే ఇంకో ఆర్డరేదో తగిలిందనుకుని కొలతల పుస్తకం, రెండు పెన్సిళ్ళు సంచీలో వేసుకుని వచ్చింది.

మేనేజరు ఆమెని కూర్చోమనలేదు. పక్కన అకౌంట్లు చూసే ఆవిడ ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ తల ఆడించడం ఆవిడ ఉద్యోగంలో భాగం లాగుంది.

"చూడమ్మా, నువ్వు కుట్టిన ప్యాంట్ల వల్ల మా స్టాఫంతా దద్దుర్లతో బాధపడుతున్నారు," అన్నాడు మేనేజరు.

"ఎక్కడొచ్చాయి సార్?"

"నడుము చుట్టూ. చీలమండల చుట్టూ. ఎలాస్టిక్ ఎక్కడుందో సరిగ్గా అక్కడే. ఇది కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా పద్ధతి ప్రకారం ఒక కమిటీ వేశాను."

"దద్దుర్ల కమిటీ," అంది అకౌంట్లావిడ. "సార్ అధ్యక్షులు. నేనూ, స్టోర్సు ఆయనా సభ్యులం. పావుగంటలో తేల్చేశాం."

టేపక్క వాళ్ళిద్దరినీ పైనుంచి కిందికి చూసింది. ఎవరిని చూసినా ముందు కొలతలే కనిపిస్తాయి ఆమెకి. మేనేజరుది ముప్ఫై ఎనిమిది నడుము. రాసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి ముప్ఫై ఆరు రాయించాడు. ఆమె రాయించినట్టే కుట్టింది. ఈయన తెలివంతా ఆ రెండు ఇంచీల్లోనే ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"మీకూ వచ్చాయా సార్?" అని అడిగింది.

"నాకు రాలేదు."

"మీరూ అదే ప్యాంటు, అదే ఎలాస్టిక్ కదా సార్."

"నా చర్మం మంచిది."

"సార్ రోజూ చన్నీళ్ళ స్నానం చేస్తారు," అంది అకౌంట్లావిడ.

మేనేజరు ఒక కాగితం ఆమె వైపు తోశాడు. నాసిరకం ఎలాస్టిక్ వాడి సిబ్బంది ఆరోగ్యానికి హాని కలిగించానని, అందుకు చింతిస్తున్నానని, ఆమె రాసినట్టుగానే వాళ్ళే టైపు చేసి పెట్టారు. కింద ఆమె సంతకానికి ఖాళీ ఉంది. గురువారం పదింటికల్లా సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ తర్వాత దాన్ని నోటీసు బోర్డుకి అంటిస్తారు, కంపెనీ మిగతా ఆఫీసులకి కాపీలు వెళతాయి. పెట్టకపోతే వీళ్ళే ఊళ్ళో తెలిసిన చోట్లన్నీ ఉత్తరాలు రాస్తారు. ప్యాంట్లు మాత్రం ఇప్పుడే పట్టుకెళ్ళి ఎలాస్టిక్ పీకేసి కొత్తది వేసుకురావాలి.

"మా చెల్లెలి వరస ఆవిడ ఆస్పత్రిలోనే పని చేస్తుంది," అంది అకౌంట్లావిడ, ఎవరూ అడక్కుండానే. "నర్సుల కోట్లు నువ్వే కుడుతున్నావట కదా."

అది టేపక్కకి సూటిగా తగిలింది. ఆస్పత్రి కోట్లు వచ్చే నెలలో మొదలు కావాలి. రోగుల మధ్య తిరిగేవాళ్ళ ఒంటి మీది గుడ్డ దురద పెడుతుందని పేరు పడితే ఎవరిస్తారు? కోట్లు పోతే పోయాయి. ఇరవై ఏళ్ళుగా టేపక్క కుట్టిందంటే తిరిగి చూసుకోనక్కర్లేదన్న మాట ఒకటుంది. ఆ కాగితం కింద సంతకం పెడితే ఆ మాట పోతుంది. పోయిన గుండీ అయితే ఇంకోటి కుట్టుకోవచ్చు.

బయటికి వచ్చేటప్పుడు అకౌంట్లావిడని ఆడవాళ్ళ గదిలోకి పిలిచి చూపించమంది. ఆవిడ ముందు నామోషీ పడి, తర్వాత దురద ఆపుకోలేక చొక్కా పైకెత్తింది. నడుము చుట్టూ వరసగా ఎర్రటి దద్దుర్లు, ఒక్కోదాని నడిమధ్య ఆవగింజంత నీటి పొక్కు. గోకి గోకి కొన్ని పచ్చి పుండ్లయ్యాయి. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూనే చేతి గడియారం పట్టీ కింద వేలు దూర్చి గోక్కుంది.

"అక్కడ కూడానా?" అంది టేపక్క.

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇది వేరే. సార్ ఎలాస్టిక్ అన్నారు, ఎలాస్టిక్కే."

ప్యాంట్ల మూట భుజాన వేసుకుని టేపక్క రోడ్డెక్కింది. తెలిసి తెలిసీ తల ఆడించేవాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళు మంట. ఆ గడియారం పట్టీ సంగతి దుకాణం చేరేలోపు మర్చిపోయింది. కోపంగా ఉన్నప్పుడు మనిషికి కావలసినవే గుర్తుంటాయి.

*

దుకాణం ఒకే గది. గుమ్మానికి ఎదురుగా టేపక్క మిషను, దాని ముందు ఎత్తు స్టూలు. ఆ స్టూలు మీద కూర్చుంటే వీధిలో వచ్చేపోయేవాళ్ళూ, గదిలో జరిగే పనీ అంతా ఒక్క చూపులో ఆమె కింద ఉంటుంది. మిషను పక్కన నేల మీద చాప. ఆ చాప మీద ఆమె మరదలు, తమ్ముడి పెళ్ళాం, గుండీలు, కాజాలు, అంచులు, ఎలాస్టిక్కులు, చేతి సూదితో అయ్యే ప్రతి పనీ చేస్తుంది. పైకి కనపడకూడని కుట్లన్నీ మరదలివే.

టేపక్క వచ్చేసరికి ఆస్పత్రి పెద్ద నర్సు నమూనా కోటు వేసుకుని చూసుకుంటోంది. మరదలు మోకాళ్ళ మీద కూర్చుని కోటు అంచుకి పిన్నులు పెడుతోంది. టేపక్క మూటని చాప మీదికి విసిరింది.

"ఈ ఎలాస్టిక్ ఎక్కడ తెచ్చావు?"

నోట్లో ఉన్న పిన్నులు తీసి మరదలు తల ఎత్తింది. "మనం కొనే చోట అయిపోయిందన్నారు వదినా. పక్క వీధిలో తెచ్చాను. మీకు చెప్పాను కదా."

"నాకెప్పుడు చెప్పావు?"

చెప్పింది. టేపక్క ఆ చుట్టని చేతిలోకి తీసుకుని, సాగదీసి, వదిలి, మళ్ళీ సాగదీసి, మంచిదే, దీంతోనే వెయ్యి, అంది కూడా. అది ఆమెకి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా నోరు ఆగలేదు. పెద్ద నర్సు అద్దంలోంచి చూస్తోంది.

"ఇరవై నలుగురికి ఒళ్ళంతా దద్దుర్లు. నడుము చుట్టూ, కాళ్ళ చుట్టూ. నా చేత కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. చవకలో వస్తుందని ఏ చెత్తో పట్టుకొచ్చావు. పని నేర్పించాను గానీ బుద్ధి ఎక్కణ్ణించి నేర్పించను?"

"చవక కాదు వదినా. అదే ధర."

"ఎదురు మాట్లాడకు. పెద్ద నర్సమ్మగారు ఉన్నారు, ఆవిడ వినాలి. కోట్లకి ఇలాంటిది రాదని ఆవిడకి నమ్మకం కుదరాలి. తప్పు నాదే అని చెప్పు."

మరదలు చేతిలోని పిన్నులని ఒక్కొక్కటే పిన్నుల దిండుకి గుచ్చింది. అన్నీ అయ్యాక, "తప్పు నాదే," అంది.

పెద్ద నర్సు ఇబ్బందిగా నవ్వి, కోటు విప్పి ఇచ్చి, గురువారం మధ్యాహ్నం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. టేపక్కకి గుండెల మీంచి సగం బరువు దిగినట్టయింది. ఆ సగం ఎవరి మీదికి ఎక్కిందో చూడాలని ఆమెకి తోచలేదు.

ఆ సాయంత్రం నుంచే మరదలు ఎలాస్టిక్కులు పీకడం మొదలుపెట్టింది. ఒక్కో ప్యాంటుకి మూడు, నడుముకి ఒకటి, కాళ్ళకి రెండు. అంతా కలిపి డెబ్భై రెండు. అవి మడతపడి మెలికలు తిరక్కుండా ప్రతి నాలుగు వేళ్ళకీ ఒక చోట చేతి కుట్టు వేసి బిగించింది తనే. కష్టపడి కనపడకుండా వేసిన ఆ కుట్టునల్లా ఇప్పుడు వెతికి పట్టుకోవాలి. బ్లేడు ముక్కతో దారం కోసి, గోటితో లాగి, గుడ్డకి చిల్లు పడకుండా ఎలాస్టిక్‌ని మెల్లిగా బయటికి తియ్యాలి. మంగళవారం మధ్యాహ్నానికి ఆమె బొటనవేలి మీద నాలుగు గాట్లు పడ్డాయి. దానికి గుడ్డ పీలిక చుట్టుకుని మళ్ళీ కూర్చుంది.

టేపక్క పై నుంచి చూస్తూ, "తొందరగా కానివ్వు," అంది. ఇంకోసారి, "అసలు అప్పుడే చూసుకుని ఉంటే ఈ బాధ ఉండేదా?" అంది. మరదలు దారం కోస్తూనే ఉంది. జవాబు రాకపోతే టేపక్కకి ఇంకా మండేది. మాట్లాడితే ఎదురు మాట్లాడకు అనేది ఆమే, మాట్లాడకపోతే మూగనోము పట్టావా అనేదీ ఆమే.

బుధవారం పొద్దు వాలే వేళకి ఆఖరి ప్యాంటు ఎలాస్టిక్ కూడా బయటికి వచ్చింది. మరదలు అన్నిటినీ ఒక చోట కట్టగా కట్టి, లేచి వచ్చి, మిషను పక్కన నిలబడింది. చొక్కా ఎడమ చెయ్యి మడిచి మోచేతి దాకా పైకి లాగింది. మణికట్టుకి పైన, నడుముకి వేసే వెడల్పు ఎలాస్టిక్ ముక్క ఒకటి చుట్టి కుట్టేసి ఉంది.

"సోమవారం కట్టుకున్నాను. మళ్ళీ విప్పలేదు. స్నానానికి కూడా," అంది.

బ్లేడుతో దాని కుట్టు తెంపింది. ఎలాస్టిక్ ఊడి మిషను బల్ల మీద పడింది. కింద చర్మం మీద దాని గీతలు అచ్చు పడ్డాయి గానీ ఎరుపు లేదు, పొక్కు లేదు. టేపక్క కళ్ళద్దాలు పెట్టుకుని ఆ చేతిని దీపం కిందికి లాగి చూసింది. వేలితో రుద్దింది. చర్మం చల్లగా, నున్నగా ఉంది.

అప్పుడు గడియారం పట్టీ గుర్తొచ్చింది.

అనాల్సిన మాట ఒకటుందని ఆమెకి తెలుసు. అయినా, "సరే సరే, ఆ దారాలన్నీ ఊడ్చెయ్యి," అంది.

*

గురువారం పొద్దున్న ఆరున్నరకి, వాళ్ళు వ్యాయామం చేసే చోటు చూద్దామని, టేపక్క ఆఫీసు వెనక ఖాళీ స్థలం దగ్గరుంది. కంపెనీ వాళ్ళు ఎప్పుడో ఏదో కడదామని వదిలేసిన నేల అది. మోకాలెత్తు గడ్డి. దాని మధ్యలో మాత్రం చాప పరిచినట్టు తొక్కి అణిచిన జాగా. ఒక పక్కన సిమెంటు గట్టు. గట్టు మీద మేనేజరు ఈల నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. కొత్త బూట్లు, మడత నలగని నీలం ప్యాంటు. ఆయన ప్యాంటు ఎవరూ వెనక్కి పంపలేదు.

కింద ఇరవై నలుగురు, ఇంట్లో ఉన్న పాత బట్టలు తొడుక్కుని గడ్డిలో వెల్లకిలా పడుకుని కాళ్ళు పైకెత్తుతున్నారు. ఈల వేస్తే దింపుతున్నారు. తర్వాత బోర్లా తిరిగి అరచేతులు నేలకి ఆనించి లేస్తున్నారు. మధ్య మధ్యలో ఒకరు లెక్క తప్పి గోక్కుంటే మేనేజరు ఈల గట్టిగా ఊదుతున్నాడు. ఇంత చదువుకున్నవాళ్ళు ఒక్కడి ఈలకి ఇలా పొర్లుతున్నారంటే టేపక్కకి జాలి కలగలేదు, రోత కలిగింది.

ముసలి అటెండరు కంకర దారి మీద మంచినీళ్ళ క్యాను పక్కన నిలబడి ఉన్నాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్నాడు.

"నీకు లేదా వ్యాయామం?" అంది.

"నేను గడ్డిలోకి దిగనక్కా. దాన్నిండా సన్నపురుగు."

"ఏం పురుగు?"

"ఎర్రగా ఉంటుంది. ఊరికే చూస్తే కంటికి ఆనదు. కాలి మీదికెక్కి పైకి పాకుతూ పోతుంది. బట్ట బిగువుగా ఉన్నచోట దారి దొరకదు కదా, అక్కడే ఆగి కొరుకుతుంది. ఆ పూట ఏమీ తెలీదు. మర్నాడు మొదలవుతుంది దురద."

"ఇది వాళ్ళకి చెప్పలేదా?"

అటెండరు క్యాను మూత బిగించాడు. "నన్నెవరడిగారక్కా? కమిటీలో నేను లేనుగా. అయినా వాళ్ళకి తెలీదనుకున్నావా? తెలుసు. గ్రౌండు బాగాలేదని మొదట ఎవరంటారా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు."

టేపక్క సంచీలోంచి జానెడు నల్ల లైనింగు గుడ్డ తీసింది. కంకర దారి అంచున ఒంగి, దాన్ని గడ్డి మొదళ్ళలో పరిచి, చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది. కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చుంది. సూది బెజ్జంలో చూపు నిలపడం ఆమెకి రోజూ ఉన్న పనే. కాసేపటికి నల్ల గుడ్డ అంచు మీద ఇటుక పొడి రాలినట్టు అయిదారు చుక్కలు కనపడ్డాయి. ఇంకాసేపటికి ఇరవై అయ్యాయి. ఆ పొడి కదులుతోంది. ఒక్కో రేణువూ ఎక్కడికో పనున్నట్టు గబగబా నడుస్తోంది.

గుండీల డబ్బా సంచీలోకి ఖాళీ చేసి, పట్టకారుతో గుడ్డని మడిచి అందులో పెట్టి, మూత గట్టిగా నొక్కింది.

పదింటికి మేనేజరు గదిలో కమిటీ అంతా ఉంది. తలుపు తెరిచే ఉంది కాబట్టి హాల్లో వాళ్ళు కూడా ఉన్నట్టే. బల్ల మీద కాగితం, కాగితం మీద పెన్ను సిద్ధంగా పెట్టారు. టేపక్క పెన్ను తీసి పక్కన పెట్టింది. డబ్బా మూత తీసి, పట్టకారుతో ఆ నల్ల గుడ్డని సరిగ్గా కాగితం మీద పరిచింది.

"ఏమిటిది?" అన్నాడు మేనేజరు.

"ఇందులో ఎలాస్టిక్ లేదు సార్. దగ్గరగా చూడండి."

మేనేజరు ముందుకి ఒంగి చూశాడు. ముక్కు గుడ్డకి బెత్తెడు దూరంలోకి వచ్చేదాకా ఆయనకి ఏమీ కనపడలేదు. కనపడ్డాక కుర్చీ ఒక్క తోపుతో గోడకి కొట్టుకుంది. స్టోర్సు గుమాస్తా అప్పటికే గుమ్మం బయట ఉన్నాడు.

"తియ్యి. ముందు దాన్ని తియ్యి ఇక్కణ్ణించి," అన్నాడు మేనేజరు, గోడకి ఆనుకునే.

"మీ గ్రౌండువే సార్. మీ స్టాఫ్ రోజూ గంటసేపు వీటి మధ్యే దొర్లుతున్నారు. మీరు గట్టు మీదుంటారు కాబట్టి మీకింకా పరిచయం కాలేదు."

హాల్లో ఎవరో నవ్వబోయి దగ్గారు.

"ఎలాస్టిక్ మంచిదని గ్యారంటీ ఏమిటి?" అన్నాడు ఆయన. కళ్ళు మాత్రం గుడ్డ మీంచి తియ్యలేదు.

టేపక్క చొక్కా ఎడమ చేతిని మోచెయ్యి దాకా లాగి చెయ్యి చాచింది. "నేను కట్టుకుని చూశాను సార్. సోమవారం నుంచి బుధవారం దాకా, స్నానానికి కూడా విప్పలేదు. చూడండి, ఏమన్నా ఉందా?"

ఆ మాట ఎంత సాఫీగా వచ్చిందంటే, అన్నాక గానీ అది అబద్ధమని ఆమెకే తట్టలేదు. తట్టాక ఆగడానికి వేళ మించిపోయింది. "ఇంకొకటి. ఈ అమ్మకి గడియారం పట్టీ కింద కూడా దద్దుర్లున్నాయి. గడియారానికి నేను ఎలాస్టిక్ వెయ్యలేదు," అంది.

అకౌంట్లావిడ ఫైలుతో చెయ్యి కప్పుకుంది. మేనేజరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల ఎటు ఆడించాలో తెలీక నిటారుగా పెట్టుకుంది.

క్షమాపణ చెబుతాడని టేపక్క అనుకోలేదు, ఆయనా చెప్పలేదు. విషయం పరిశీలిస్తామన్నాడు. ఆ గుడ్డతో పాటు దాని కింది కాగితాన్ని కూడా ఆమె పట్టకారుతో చుట్టి డబ్బాలో కుక్కుతుంటే వద్దనలేదు, ముట్టుకోబోలేదు. ప్యాంట్లకి పాత ఎలాస్టిక్కులే మళ్ళీ వేసి పంపించమన్నాడు. ఆమె మెట్లు దిగేలోపే నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పడింది. ఎండలు ముదురుతున్నందున సిబ్బంది క్షేమం దృష్ట్యా ఉదయపు వ్యాయామం నిలిపివేయడమైనది. హాల్లో వాళ్ళు నోటీసు చదివి చప్పట్లు కొట్టారు. సార్ మన కష్టం కనిపెట్టారు, అంది అకౌంట్లావిడ, అందరికంటే ముందు.

గుంపుకి గుంపు ఇంతే, అనుకుంది టేపక్క. గట్టు మీద నిలబడ్డవాడికి కిందేముందో తెలీదు, కింద ఉన్నవాళ్ళకి నోరు లేదు. ఆమె తల ఎత్తుకుని, డబ్బా ఊపుకుంటూ, చాలా రోజుల తర్వాత పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచింది. దారిలో ఆ డబ్బాని మూతతో సహా చెత్తకుప్పలో పారేసింది.

*

దుకాణానికి వచ్చి స్టూలెక్కి కూర్చుని, "తేలిపోయింది. అవి పురుగులు. ఎలాస్టిక్ తప్పేం లేదు," అంది. మరదలు చాప మీద నర్సు కోటుకి గుండీలు కుడుతోంది. "ఊఁ," అంది.

"పాతవే మళ్ళీ వెయ్యమన్నారు. నువ్వు కానివ్వు, సాయంత్రానికి ఓ అయిదారయినా అవుతాయి."

ఇంతలో అటెండరు వచ్చాడు. చేతిలో ఒక నీలం ప్యాంటు. "సార్ పంపించారక్కా. ఇంక వ్యాయామం లేదుగా, ఇంట్లో తొడుక్కుంటారట. నడుము రెండు ఇంచీలు వదులు చెయ్యమన్నారు."

టేపక్క పడీ పడీ నవ్వింది. అటెండరూ నవ్వాడు. నవ్వుతూనే మరదలి వైపు తిరిగి, "మీ వదినని చూడాల్సిందమ్మా ఇవాళ. ఇలా చెయ్యి చాపి, మూడు రోజులు నేను కట్టుకుని చూశాను, స్నానానికి కూడా విప్పలేదు అని అడిగేసరికి సార్ గోడ వదిలి రాలేదు," అన్నాడు.

మరదలి చేతిలో సూది ఆగింది. ఆమె తల ఎత్తి టేపక్కని చూసింది. కోపంగా కాదు, ఏడుపుగా కాదు. పైనుంచి కిందికి, కొలత తీసుకుంటున్నట్టు ఒక్కసారి చూసి మళ్ళీ గుండీ మీదికి ఒంగింది. ఆ చూపు టేపక్కకి కొత్త కాదు. పొద్దున్న కంకర దారి మీద నిలబడి, సిమెంటు గట్టు మీదున్న మనిషిని తను చూసిన చూపే అది.

అటెండరు వెళ్ళిపోయాడు. టేపక్క మిషను చక్రం మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు. నీలం ప్యాంట్లు, వాటి పక్కన ఎలాస్టిక్కుల కట్ట చాప అంచున పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"అవి ఎప్పుడు మొదలుపెడతావు?" అంది కాసేపయ్యాక.

"అవి నేను కుట్టను వదినా," అంది మరదలు మామూలుగా. "మిగతా పనంతా చేస్తాను. అవి మాత్రం కుట్టను."

ఎవరికి చెబుతున్నావనుకున్నావు, అనే మాట టేపక్క నాలుక చివర దాకా వచ్చింది. మరదలి బొటనవేలికి చుట్టిన పీలిక మీద గోధుమరంగు మరక కనపడింది. ఆ మాట అక్కడే ఉండిపోయింది. సిగ్గు వేసింది. ఆ వయసులో అంత సిగ్గు వేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మెల్లిగా స్టూలు దిగింది. మోకాలు చేత్తో పట్టుకుని, మిషను బల్ల ఆసరాతో ఒంగి, చాప మీద ఒక పక్కగా కూర్చుంది. కింద నుంచి చూస్తే గది వేరేలా ఉంది. వీధి కనపడదు, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళు కనపడతాయి. స్టూలు మీది మనిషివి ముందుగా మోకాళ్ళూ, ఆ పైన గడ్డమూ కనపడతాయి కాబోలు. ఆమె మొదటి ప్యాంటు ఒళ్ళోకి లాక్కుంది.

"సూది ఇవ్వు."

మరదలు ఇవ్వలేదు. గడ్డంతో సూదుల డబ్బా చూపించింది. టేపక్క తనే అందుకుని, దారం తడిచేసి, నాలుగోసారికి ఎక్కించింది. పెద్ద పిన్నీసుకి ఎలాస్టిక్ కొన గుచ్చి నడుము పట్టీలోకి తోసింది. అది మధ్యలో మెలిక పడింది. బయటికి లాగి మళ్ళీ తోసింది. చేతి సూది పట్టి ఆమెకి ఏళ్ళయింది. వేలి తొడుగు లేకుండా మొదటి కుట్టులోనే చూపుడు వేలికి గుచ్చుకుంది.

పెద్ద నర్సు కోటు కోసం వచ్చేసరికి మూడు కుట్లు పడ్డాయి. గుమ్మంలోనే ఆగి, ఖాళీ స్టూలునీ, చాప మీది ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏమిటిది, మీరు కింద కూర్చున్నారు? ఆ ఎలాస్టిక్ గొడవ ఏమైంది?"

మరదలు గుండీ కుడుతూనే ఉంది. చెబితే టేపక్కే చెప్పాలి. గది చాలా చిన్నది, మాట దాచుకోవడానికి చోటు లేదు.

"ఎలాస్టిక్ మంచిదేనండి," అంది టేపక్క, ప్యాంటు మీంచి తల ఎత్తకుండా. తర్వాత ఎత్తింది. "అవి గడ్డిలో పురుగులు. ఆ రోజు మీ ముందు దీన్ని నానా మాటలూ అన్నాను. ఎలాస్టిక్ చూసి, బాగుంది వెయ్యమన్నది నేనే. తప్పు నాదే. చేతికి కట్టుకుని చూసిందీ ఇదే, నేను కాదు."

చివరి మాట నర్సుకి అర్థం కాలేదు. అది నర్సు కోసం అన్నది కాదు. ఆవిడ, "పోనీలెండి, తేలింది కదా, కోట్లు మొదలుపెట్టండి," అని, గుండీలు లాగి చూసుకుని, కోటు మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇద్దరూ పనిలో పడ్డారు. టేపక్క కాసేపు ఎదురు చూసింది. పోనీలెండి వదినా అని ఒక్క మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఆమె నాలుగో కుట్టు వేసింది, అయిదో కుట్టు వేసింది. డెబ్భై రెండింటిలో మొదటి ఎలాస్టిక్ సగం దాకా వచ్చింది.

మరదలు మెడ చాచి ఆ ప్యాంటు వంక చూసింది. పీలిక చుట్టిన బొటనవేలితో పట్టీ మీద ఒక చోట నొక్కింది.

"ఇక్కణ్ణించి వంకర పోయింది వదినా. పైకి కనపడుతోంది," అంది. "విప్పండి."

టేపక్క బ్లేడు ముక్క అందుకుంది.